ఆకు తీసేసిన పచ్చ

ఆ రోజుల్లో కొల్లేరు లంకల్లో ఇంటికొక సెల్‌ఫోను, ఊరికొక సిగ్నల్ చోటు ఉండేవి. సిగ్నల్ చోటంటే ఊరి చివర గట్టు మీదో, వంతెన మధ్యలోనో, నీళ్ళ ట్యాంకు మెట్ల మీదో ఫోను రెండు గీతలు చూపించే జాగా. పెళ్ళి మాటలైనా, చేపల రేటైనా, అత్తగారి మీద చాడీలైనా అక్కడికే వచ్చి, ఒక చెవి మూసుకుని, పక్క ఊరికి వినపడేలా చెప్పుకోవలసిందే. దాపరికం లేకుండా బతకడంలో ఒక సుఖం ఉందని ఇప్పుడనిపిస్తుంది. (ఇప్పుడు అందరి జేబుల్లోనూ నిండుగా సిగ్నలుంది, పక్కింట్లో ఏం జరిగిందో మాత్రం ఎవరికీ తెలియదు.) అలాంటి రోజుల్లో, అలాంటి ఊళ్ళ కోసం వైర్‌లెస్ యాంటెన్నాలు డిజైన్ చేసే ఉద్యోగం నాది. ఉద్యోగం కొత్త, మీసం కొత్త, అభిప్రాయాలు మాత్రం బాగా ముదిరిపోయి ఉండేవి.

మాది పెంటపాడు దగ్గర వరి పండించుకునే కుటుంబం. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదివి, పొద్దున్నే అక్కడే ప్యాసింజరెక్కి, పూళ్ళ, భీమడోలు, దెందులూరు దాటుకుంటూ ఏలూరులో దిగి, భాయి గారి షెడ్డుకి నడిచి వెళ్ళేవాణ్ణి. భాయి గారంటే మా యజమాని. ఆయన నాన్నగారు రేడియోలు బాగుచేసే మనిషి. సైకిలు వెనక పెట్టె కట్టుకుని లంకలకి వెళ్ళి, పడవలో కూర్చునే రేడియో విప్పి బిగించేవారట. తరవాత భాయి గారు టీవీ యాంటెన్నాలు వంచారు, డిష్షులు బిగించారు, ఊళ్ళ చుట్టూ పొలాలన్నీ చేపల చెరువులయ్యాక వైర్‌లెస్‌లోకి దిగారు. తండ్రి నుంచి ఆయనకి దక్కిన ఆస్తల్లా లంకల్లో వినిపించే ఒక్క మాట: "భాయి గారు చెప్పారంటే ఇంకేవుందండీ." నన్ను పనిలో పెట్టుకున్న రోజునే ఆ సంగతి చెప్పారు. "ఇంజనీరు గారూ, సామాను పాడైతే మార్చి ఇవ్వచ్చండీ. ఆ మాట పోతే నేనెక్కణ్ణుంచి తెచ్చి ఇవ్వనండీ?" నేను బుద్ధిగా తలూపాను. ఆ వయసులో నేను అన్నిటికీ తలూపేవాణ్ణి. విన్నది తక్కువ.

మేం చేసే సామాను గురించి కాస్త చెప్పాలి. చేపల చెరువులో నీళ్ళని చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లుంటాయి. కరెంటు పోయో, మోటారు కాలో అవి ఆగితే కాసేపటికి చేపలు ఊపిరాడక పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అప్పటికీ ఎవరూ చూడకపోతే రైతు ఏడాది కష్టం వెల్లకిలా తేలుతుంది. చెరువేమో ఊరికి దూరం, ఇల్లు ఊళ్ళో. అందుకని చెరువు గట్టు మీద మోటారు షెడ్డులో ఒక పెట్టె, ఇంటి మేడ మీద ఒక యాంటెన్నా, ఇంట్లో ఒక గంట. ఏరేటరు ఆగినా, ఆ పెట్టెకీ ఈ యాంటెన్నాకీ మధ్య లంకె తెగినా గంట మోగుతుంది. అంతే. చిక్కల్లా మేడ మీది యాంటెన్నాని సరిగ్గా చెరువు వైపు తిప్పి బిగించడంలో ఉండేది. దానికి మా మనిషొకడు మీటరు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళాలి. నేను రాగానే చేసిన మహత్తరమైన ప్రతిపాదన ఏమిటంటే, యాంటెన్నాలోనే లైట్లు పెట్టేద్దాం, రైతే తిప్పుకుంటూ లైటు చూసి బిగించుకుంటాడు, ఇంక ఎవరూ ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు అని.

చెప్పడం తేలికే. యాంటెన్నా పక్కన గుండుసూది పెట్టినా దానికి కోపం వస్తుంది, అలాంటిది కడుపులో లైటూ, వైర్లూ పెడితే ఊరుకుంటుందా? నా మొదటి నమూనాలో సిగ్నల్ అందగానే లైటు వెలిగేది. లైటు వెలగ్గానే ఆ వైర్ల పుణ్యమా అని సిగ్నల్ పోయేది. సిగ్నల్ పోగానే లైటు ఆరేది. ఆరగానే సిగ్నల్ వచ్చేది. భాయి గారు చేతులు కట్టుకుని చాలాసేపు చూశారు. "ఏవండీ ఇంజనీరు గారూ, ఇది యాంటెన్నా అండీ, దీపావళి సీరియల్ సెట్టా అండీ?" అన్నారు. నేను రోషంతో అన్నం మానేసి (మధ్యాహ్నం మానేసి, సాయంత్రం గూడెం స్టేషన్లో రెండింతలు తిని) కుస్తీ పట్టి, వైర్లని యాంటెన్నాకి పట్టింపులేని మూలలోంచి లాగి, దాని కళ్ళు కప్పాను. లైటు నిలిచి వెలిగింది. ఒక లైటు చాలన్నారు భాయి గారు. మూడుండాలన్నాను నేను. లంకె లేకపోతే ఎరుపు, అందీ అందక ఊగుతుంటే పసుపు, గట్టిగా అందితే ఆకుపచ్చ, ట్రాఫిక్ సిగ్నల్ లాగా. "లంకల్లో ట్రాఫిక్ సిగ్నల్ ఎక్కడుందండీ? ఉన్నవి పడవలూ, బాతులూ కదండీ" అన్నారాయన. నేను ప్రపంచమంతటా ఇదే పద్ధతని ఉపన్యాసమిచ్చాను. పాపం, ఆయన సరేనన్నారు.

తరవాత యాంటెన్నా మీద అతికించే కాగితం ముక్క దగ్గరకొచ్చాం. యాంటెన్నా డబ్బా సన్నం, భాయి గారికేమో అక్షరాలు లావుగా ఉండాలి. "పెద్దవాళ్ళు మేడెక్కి కళ్ళజోడు కోసం మళ్ళీ కిందకి దిగకూడదండీ." నేను రాసుకున్న పేరా కాస్తా వాక్యమైంది, ఆ వాక్యం కురచైంది, చివరికి "ఆకుపచ్చ లైటు వెలిగేవరకు తిప్పి బిగించండి" అని మిగిలింది. ప్రెస్సు ఆయన అదీ పట్టదన్నాడు. నేను చాలా తెలివిగా ఆలోచించి ముందున్న "ఆకు" తీసేశాను. రెండక్షరాలు. పచ్చ అంటే చాలదా, ఎవరికి తెలియదు గనక అనుకున్నాను. "పచ్చ లైటు వెలిగేవరకు తిప్పి బిగించండి." అక్షరాలు లావుగా, చూడముచ్చటగా వచ్చాయి. తెలుగులో ఇంత పొదుపుగా రాయగలనని నాకే తెలియదని మురిసిపోయాను.

భాయి గారి నాన్నగారి కాలం నుంచీ తెలిసిన ఒక లంకలో మొదటగా ఊరంతటికీ ఇచ్చాం. అక్కడ మాకు పెద్ద దిక్కు ఒక చెరువు రైతు. ఆయన్ని నేను బాబాయి గారనీ, ఆయన భార్యని పిన్ని గారనీ పిలిచేవాణ్ణి. యాంటెన్నాలు ఇచ్చిన సాయంత్రమే, వంతెన మీది సిగ్నల్ చోటు నుంచి, బాబాయి గారు అందరి తరఫునా ఫోను చేశారు.

"ఇంజనీరు గారూ, అయిపోయిందండీ. పట్టి ఇలా తిప్పానో లేదో లైటొచ్చేసిందండీ!"

"అంత తొందరగానా అండీ? పచ్చ లైటేనా?"

"పచ్చేనండీ. దివ్యంగా ఉందండీ. బంగారం, బంగారంలా మెరిసిపోతోందండీ!"

నా జీవితంలో నా పనిని ఎవరైనా బంగారంతో పోల్చడం అదే మొదలు. ఆ మాట షెడ్డులో అందరికీ చెప్పాను. ప్యాసింజర్లో పక్క సీటాయనకి కూడా చెప్పాను.

మర్నాటి నుంచీ గంటలు మోగడం మొదలెట్టాయి. గాలి వీస్తే మోగేవి, ట్రాక్టరు వెళ్తే మోగేవి, ఉత్తపుణ్యానికి మోగేవి. గంట మోగగానే ఊరు ఊరంతా చెప్పులు మరిచిపోయి చెరువులకేసి పరిగెత్తేదిట. తీరా చూస్తే ఏరేటర్లు ఎంచక్కా తిరుగుతుండేవిట. నేను ఫోనులోనే విచారణ జరిపేవాణ్ణి. "పచ్చ లైటుందా అండీ?" "ఉందండీ." "పచ్చే కదండీ?" "ఎన్నిసార్లడుగుతారండీ, పచ్చేనండీ!" లైటు పచ్చగా ఉంటే లంకె గట్టిగా ఉన్నట్టు, గట్టిగా ఉంటే గంట మోగకూడదు. మోగుతోందంటే దోషం నా డిజైనులో లేదు, ఇంకెక్కడో ఉంది. బాగా ఆలోచించి అది గూడబాతుల్లో ఉందని తేల్చాను. కొల్లేటికి గుంపులు గుంపులుగా వచ్చే ఆ పెద్ద పక్షులు చెరువుకీ ఇంటికీ మధ్య ఎగిరినప్పుడల్లా సిగ్నల్ తెగుతోందని, ఒక బొమ్మ కూడా గీసి భాయి గారికి చూపించాను. ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "ఓసారి వెళ్ళి చూసొస్తే పోలా అండీ?" అన్నారు. నేను వెళ్ళనన్నాను. ఎవరూ వెళ్ళనక్కర్లేకుండా చెయ్యడమే కదా నా డిజైను గొప్ప, నేనే వెళితే ఇంక దాని పరువేం కాను? ఆ రోజుల్లోనే మా అమ్మ ఫోను చేసింది. "చేను పచ్చబడింది నాన్నా, కోతలకి ఒక్క రోజు వచ్చి నిలబడరా" అంది. "అమ్మా, నేనిక్కడ పచ్చ లైటు గొడవలో ఉన్నాను, నీ చేను సంగతి తరవాత చూద్దాం" అని విసుక్కుని పెట్టేశాను. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

పరిగెత్తి పరిగెత్తి విసిగిపోయి ఊళ్ళో చాలామంది గంట స్విచ్చి కట్టేశారు. బాబాయి గారూ కట్టేశారు. సరిగ్గా అప్పుడు, ఒక తెల్లవారుజామున, ఆయన చెరువులో ఏరేటర్లు నిజంగానే ఆగిపోయాయి. పిన్ని గారు ఏదో పని మీద గట్టు వైపు వెళ్ళి, నీటి మీద నోళ్ళు తెరుచుకున్న చేపల్ని చూసి, కేకలు పెట్టి డీజిలు ఇంజను వేయించబట్టి సరిపోయింది. ఆ మధ్యాహ్నం బాబాయి గారు ఫోను నాకు కాదు, భాయి గారికి చేశారు. "మీ మొహం చూసి పెట్టుకున్నావండీ భాయి గారూ. రేపొచ్చి అన్నీ ఊడదీసుకెళ్ళండి. ఇంక మా ఊళ్ళోకి ఈ సామాన్లు తేకండి" అని, కోపంలో కూడా అండీ వదలకుండా చెప్పి పెట్టేశారు. భాయి గారు ఫోను బల్ల మీద పెట్టి, రెంచీల సంచీ సర్దడం మొదలెట్టారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. వాళ్ళ నాన్నగారు సైకిలు తొక్కి సంపాదించిన మాటని నేను మూడు లైట్లు పెట్టి ముంచేశానని నాకు అర్థమైంది.

మర్నాడు ఇద్దరం బండి మీద కైకలూరు రోడ్డు పట్టుకుని వెళ్ళాం. బాబాయి గారింటి ముందు ఊరు ఊరంతా కూర్చుని ఉంది. మజ్జిగ ఇచ్చారు, కుర్చీలు వేశారు, ఎవరూ నవ్వలేదు. నేను తల దించుకుని రెంచీ తీసుకుని ఊడదీయడానికి మేడెక్కాను. పిన్ని గారు అక్కడ చాప మీద మిరపకాయలు ఎండబెడుతున్నారు. యాంటెన్నా మీద చెయ్యి అడ్డం పెట్టి, నీడ చేసి చూశాను. లోపల పసుపు రంగు లైటు మినుకు మినుకుమంటోంది.

"పిన్ని గారూ! ఇది పచ్చ కాదు కదండీ!"

"పచ్చ కాకపోతే ఏవిటి బాబూ?" అన్నారావిడ, నా కళ్ళకేసి జాలిగా చూసి.

"పసుపండీ ఇది, పసుపు!"

"అయితే? పసుపు పచ్చగా ఉండదా బాబూ?"

పిన్ని గారు ఊరుకోకుండా పిట్టగోడ దగ్గరికెళ్ళి కిందకి కేకేశారు. "ఏవండీ, ఈ అబ్బాయి పసుపు పచ్చగా ఉండదంటున్నాడండీ!" కింద కలకలం రేగింది. కుర్రాళ్ళు పచ్చంటే ఆకుల రంగేనన్నారు, రామచిలకని చూపించారు. అది చిలకపచ్చ, ఊరికే పచ్చ కాదన్నారు పెద్దవాళ్ళు. గడ్డి పచ్చగా ఉందనమా అని ఒకాయన, మనిషి పచ్చగా ఉందంటే ఆకులా ఉన్నట్టా అని ఒకావిడ. బాబాయి గారు లేచి నిలబడి నన్ను సూటిగా అడిగారు: "మీది పెంటపాడు కదండీ బాబూ. చేను పచ్చబడిందంటే కోతకొచ్చినట్టాండీ, నాట్లేసినట్టాండీ?" మా అమ్మ ఫోను చెవిలో మళ్ళీ మోగినట్టయింది. పుట్టిన దగ్గర నుంచీ ఆ మాట అంటూ, వింటూ పెరిగినవాణ్ణి. ఇంజనీరింగు పుస్తకంలో మాత్రం పచ్చకి ఒకటే రంగు చదివి, మిగతాది అక్కడే వదిలేసొచ్చాను. ఊరు ఊరంతా, నా కాగితం ఎలా చెప్పిందో అలాగే, పసుపు లైటు రాగానే బిగించేశారు. అందీ అందని సిగ్నల్‌కి గాలి వీస్తే గంట మోగక ఏం చేస్తుంది? గూడబాతులు నిర్దోషులు.

మేడ మీంచి అదంతా చెప్పాను. అప్పుడు భాయి గారు, పొద్దుటి నుంచీ పెదవి విప్పని మనిషి, పకపకా నవ్వడం మొదలెట్టారు. "మా ఇంటి ఉర్దూలో ఈ గొడవే లేదండీ. హరా అంటే ఆకు రంగు, పీలా అంటే పసుపు రంగు. మీరు రెంటినీ ఒకే డబ్బాలో పోసేశారు, నేనేం చెయ్యనండీ!" అన్నారు. దాంతో ఊరు కూడా నవ్వింది. నన్ను చూసి నవ్విందన్న మాట నిజమే గానీ, నవ్వింది, అది చాలు. ఎవరి మేడ వాళ్ళెక్కారు. నేను ఒక్కొక్క మేడకేసీ చెయ్యి చూపిస్తూ, వెంట్రుకవాసి తిప్పండి, ఇంకాస్త, ఇంకాస్త అని గొంతు చించుకున్నాను. పచ్చ అనే మాట ఆ రోజు ఎవరూ నోటంట రానివ్వలేదు. "ఆకొచ్చిందా?" అని ఈ మేడ మీంచి అడిగితే, "లేదండీ, ఇంకా పసుపే", "వచ్చింది వచ్చింది, మాకు ఆకొచ్చేసింది!" అని అవతలి మేడల మీంచి జవాబులు. దారిన పోయే కొత్త మనిషెవరైనా వింటే, ఇక్కడెక్కడో బంతి భోజనాలు పెడుతున్నారనుకునేవాడు.

చివరగా బాబాయి గారి చెరువు దగ్గరికి మనిషిని పంపి ఏరేటరు ఆపించారు. ఇంట్లో గంట ఠంగున మోగింది. మళ్ళీ వేస్తే ఆగింది. బాబాయి గారు లోపలికెళ్ళి భాయి గారికి ఇంకో గ్లాసు మజ్జిగ తెచ్చి, స్వయంగా చేతికిచ్చారు. "ఉండనివ్వండి భాయి గారూ. మీరు చెప్పారంటే ఇంకేవుందండీ" అన్నారు. భాయి గారు మజ్జిగ తాగుతూ మొహం పక్కకి తిప్పుకున్నారు. తిరుగుదారిలో బండి ఆపి నాతో అన్నారు: "నాకు కోపం రాలేదనుకోకండి ఇంజనీరు గారూ. చాలా వచ్చిందండీ. రంగు తప్పినందుకు కాదు. ఇంత దగ్గరున్న లంకకి వెళ్ళకుండా, పిట్టల్ని బొమ్మలేసి తిట్టారు చూడండి, దానికి." అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

చాలా ఏళ్ళు గడిచాయి. భాయి గారు ఏలూరులో ఇంటిపట్టున ఉంటూ, నేను చేసే ప్రతి పనికీ ఫోనులో వంకలు పెడుతూ కులాసాగా ఉన్నారు. షెడ్డు నేనే నడుపుతున్నాను. ఇప్పుడు లంకల్లో ఎక్కడ నిలబడ్డా ఫోను పలుకుతుంది. యాంటెన్నా ఎటు పెట్టినా దాని దిక్కు అదే వెతుక్కుంటుంది, ఏరేటరు ఆగితే కబురు నేరుగా రైతు ఫోనుకి వెళ్తుంది. గంట తీసేశాను, లైట్లు కూడా తీసేశాను. (మూడుండి తీరాలని ఉపన్యాసాలిచ్చినవాణ్ణి నేనే.) పోయిన ఏడు గాలివాన వెలిశాక పిన్ని గారు ఫోను చేశారు. "బాబూ, మా ఆకు రాలిపోయిందండీ." పాత యాంటెన్నా వైరు తెగి లైటు ఆరిపోయిందని అర్థం. కొత్త రకం పట్టుకుని నేనే వెళ్ళాను. ఫోనులో విచారణలు మానేసి చాలా కాలమైంది.

కొత్తది బిగించగానే బాబాయి గారి జేబులో ఫోను టింగుమంది. ఆయన మహా సంబరపడ్డారు. పిన్ని గారు మాత్రం పెరట్లో వంటపాక గుమ్మంలో నిలబడి, మేడ మీదకి చూస్తూ, "దీనికి ఆకేదండీ?" అన్నారు.

"ఇంక అక్కర్లేదండీ పిన్ని గారూ. అంతా ఫోనులోనే కనబడిపోతుంది."

"ఫోను ఆయన జేబులో ఉంటది బాబూ. ఆయనేమో కైకలూరంటారు, భీమవరమంటారు. చెరువుకి పరిగెత్తాల్సింది నేను కదా? ఇన్నేళ్ళూ పొయ్యి దగ్గర కూర్చుని దాన్నే చూసుకున్నానండీ. అది వెలుగుతోందంటే చెరువు బాగున్నట్టే కదా అని ధైర్యంగా వండుకునేదాన్ని."

యాంటెన్నా బిగించేటప్పుడు ఒక్క క్షణం చూసి మరిచిపోవడానికే ఆ లైటు అనుకున్నాను నేను. ఇన్నేళ్ళూ రోజూ దాన్ని చూస్తున్న మనిషి ఒకరున్నారని, ఆవిడ ధైర్యం దాని మీద ఆనుకుని ఉందని నాకు తట్టనే లేదు. పాత యాంటెన్నా విప్పితే లోపల ఆకుపచ్చ లైటు బాగానే ఉంది. తీసి, తుడిచి, ఏరేటరు ఆగితే ఆరిపోయేలా కొత్తదానికి వైరు కలిపి అతికాను. మోకాళ్ళు కలుక్కుమంటుండగా మళ్ళీ మేడెక్కి దాన్ని పైపుకి తగిలించాను. పిన్ని గారు, "ఉండండి బాబూ, నా చోటు నుంచి చూసి చెప్తాను" అని వంటపాకలోకి వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చున్నారు. నేను రెంచీ పట్టుకుని, రిజల్ట్సు కోసం ఎదురుచూసే కుర్రాడిలా నిలబడ్డాను. "కొంచెం ఇటు తిప్పండి... ఇంకొంచెం... ఆఁ, చాలండీ!" అని లోపల్నుంచి కేక వినిపించింది. చెరువు ఒక దిక్కునుంది, వంటపాక ఇంకో దిక్కునుంది. నేను యాంటెన్నాని వంటపాక వైపు పెట్టి బిగించి, నాలో నేనే నవ్వుకుంటూ కిందకి దిగాను.